అబ్యార్ అలీ అవతల

మదీనా,
సఫర్ నెల 6, 1382

మా ఇంటి మనిషి సల్హాకు, అవ్వాద్ సలాం చెప్పి రాసేది.

నేను బాగున్నాను. నువ్వు బాగుండాలని అయిదు పూటల నమాజులోనూ అడుగుతున్నాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది హమ్దాన్ బావ కూతురు ఫిద్దా అని తెలుసు. అమ్మాయీ, మీ మామయ్యకు రాయడం పెద్దగా రాదు. ఖుబా పల్లెలో షేక్ గారి ముందు కూర్చుని పలక మీద దిద్దిన అక్షరాలే ఇవి. తప్పులుంటే నవ్వుకో. మీ అత్తయ్యకు వినపడకుండా నవ్వుకో.

సల్హా, నువ్వు జిద్దా వెళ్ళి పదకొండు రోజులయింది. నీ పావురాలకు గింజలు వేస్తున్నాను. నేను వేస్తే దగ్గరకు రావు. గోడ మీద కూర్చుని నేను లోపలికి పోయేదాకా చూస్తాయి. మన లోగిలిలో పదకొండు ఇళ్ళకు ఒకటే వాకిలి కదా, ఎప్పుడు వచ్చినా తుర్కియ్యా పిన్ని ఆ వాకిట్లోనే ఉంటుంది. నిన్న తోట నుంచి వస్తుంటే, "ఏరా అవ్వాద్, పెళ్ళాం ఆసుపత్రిలో, నువ్వు చెట్టు మీదా?" అంది. నేను తల వంచుకుని లోపలికి పోయాను.

బావ రాసినదంతా చదివాను. నీ కడుపులో గడ్డ ఉందని, ఈ నెల ఇరవై రెండు, బుధవారం పొద్దున కోసి తీస్తామని ఆ ఈజిప్టు డాక్టరు అన్నాడట. తీయకపోతే నువ్వు రంజాను చూడవని కూడా అన్నాడట. నువ్వేమో, "ఆయన వచ్చి పక్కన నిలబడితేనే కోయించుకుంటాను, లేకపోతే ముట్టుకోనివ్వను" అని మొండికేశావట. ఇంత పెద్ద మాట అన్నావా? ముప్పై ఆరేళ్ళలో నన్ను ఏదీ అడగని దానివి.

ఇక్కడ ఖర్జూరాలు పండుతున్నాయి. గెలలు దింపే రోజులు. ఖుబా తోటలో మూడువందల చెట్లకు నేనూ, ఒక కూలీ మనిషీ. ఇది సాకు అని నువ్వు అనుకుంటావు. అనుకో.

నాకు తోచింది ఒకటి చెబుతాను. నువ్వే వచ్చెయ్. ఏది జరిగినా మన ఊళ్ళో జరగనీ. ఇక్కడ కన్ను మూసినవాళ్ళ కోసం తాను సాక్ష్యం చెబుతానని ప్రవక్త అన్నారు కదా. బఖీ శ్మశానం మన ఇంటికి ఎంత దూరం? వేలమంది ఆయన సహచరులు పడుకున్న మట్టి. ఎక్కడెక్కడి దేశాల నుంచో ముసలివాళ్ళు వచ్చి, ఆ మట్టి కోసం గదులు అద్దెకు తీసుకుని ఏళ్ళ తరబడి కూర్చుంటారు. మనం ఇక్కడే పుట్టాం. చేతిలో ఉన్నదాన్ని ఎందుకు వదులుకోవాలి?

మొదటి కోత పళ్ళు ఒక బుట్ట, ఎండబెట్టిన పుదీనా ఒక మూట జిద్దా బస్సు డ్రైవర్ ఐద్ చేతికి ఇచ్చి పంపుతున్నాను.

మదీనా వాసి,
అవ్వాద్

*

మదీనా,
సఫర్ 11

మా ఇంటి మనిషి సల్హాకు, సలాం.

బావ ఉత్తరం అందింది. అందులో ఆయన నాకు సలాం కూడా చెప్పలేదు. "నా చెల్లెల్ని బతికించమని డాక్టరు చేతిలో పెడితే, చంపి తీసుకురా పాతిపెట్టుకుంటాను అంటావా? నీది భక్తి కాదు, అవ్వాద్. నీకు పెళ్ళాం కన్నా సమాధి ఎక్కువైంది" అని రాశాడు. నాలుగుసార్లు చదివాను. ఆయన మీద కోపం రాలేదు. సగం నిజమే.

అందుకే ఈ మాట రాస్తున్నాను. మన వంటింటి గోడకు ఒక పాత జల్లెడ వేలాడుతుంటుంది కదా. చట్రం విరిగింది, పిండికి పనికిరాదు, ఎందుకు పారేయనివ్వవని నువ్వు ఎన్నోసార్లు అడిగావు. మా అమ్మది అన్నాను. అది అబద్ధం. అది పక్కింటివాళ్ళది.

నాకు పదిహేనేళ్ళప్పుడు, తుర్కుల సైన్యం ఊరిని ఖాళీ చేయించింది. ఊరి బయట తిరుగుబాటు, ఊళ్ళో తిండి లేదు, ఉన్న గింజలు సైనికులకే. జనాన్ని రైలెక్కించి షాముకు, సిరియా దేశానికి తోలేశారు. ఆ సంగతి మన ఊళ్ళో అందరికీ తెలిసిందే. నీ పుట్టింటివాళ్ళు అప్పటికే యన్బూ వెళ్ళిపోయారు గనక నువ్వు చూడలేదు. ఆ పొద్దున అమ్మ పక్కింట్లో జల్లెడ అరువు తెచ్చుకోవడానికి వెళ్ళింది. నేను ఆమె వెనకాల. తిరిగి వస్తుంటే వీధి మొగలో సైనికులు ఆపారు. ఇల్లు ఇరవై అడుగుల దూరంలో ఉంది. తాళం వేసి వస్తామని అమ్మ బతిమాలింది. వినలేదు. అంబరియ్యా స్టేషన్లో సరుకుల పెట్టెలో మమ్మల్ని ఎక్కించేటప్పుడు అమ్మ చేతిలో ఆ జల్లెడ ఒక్కటే ఉంది.

దారిలో జ్వరం తగిలింది. అయిదో రోజు అమ్మ నాతో రెండు మాటలు చెప్పింది. "జల్లెడ వాళ్ళది వాళ్ళకు ఇచ్చెయ్యి నాయనా. ఊరు చేరాక మళ్ళీ బయట అడుగు పెట్టకు. ఆ మట్టి నాకు దక్కలేదు, నీకైనా దక్కాలి." ఇంజనుకు నీళ్ళు పట్టడానికి బండి ఆగింది. అక్కడే పట్టాల పక్కన ఇసుక తవ్వి, పోయిన మరో ఏడుగురితో పాటు అమ్మనూ పడుకోబెట్టారు. రాయి పెట్టడానికి కూడా వ్యవధి లేదు. ఇంజను కూత వేసింది. నేను బండెక్కాను, సల్హా. ఎవరూ తోయలేదు. నా అంతట నేనే ఎక్కాను. ఆ చోటు ఎక్కడో నాకు ఇప్పటికీ తెలియదు.

రెండేళ్ళకు ఒంటెలవాళ్ళతో నడిచి తిరిగి వచ్చాను. పక్కింటివాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదు. జల్లెడ ఇవ్వడానికి ఎవరూ లేరు.

ఇదీ సంగతి. నాకు ఈ ఊరంటే ప్రేమ అని అందరూ అంటారు. ప్రేమ ఉంది. కానీ దానికన్నా ఎక్కువ భయం. బయట చచ్చిపోతే ఎవరో ఇసుక కప్పి, కూత వేసుకుని వెళ్ళిపోతారని భయం. నిన్ను కూడా అలాగే కప్పేస్తారేమోనని భయం.

ఈ మాట బావకు చెప్పవద్దు. ఫిద్దా, నువ్వు కూడా.

మదీనా వాసి,
అవ్వాద్

*

మదీనా,
సఫర్ 16

సల్హాకు,

సలాం తరవాత రాయడానికి చెయ్యి ఆడడం లేదు. మొన్న బయలుదేరాను. నీకు చెప్పకుండా వచ్చి ముందు నిలబడదామనుకున్నాను. తుర్కియ్యా పిన్ని రొట్టెలు మూట కట్టి ఇచ్చింది. "జిద్దా దారిలో పులుల్లేవు, మగాడిలా వెళ్ళు" అని వాకిలి దాకా వచ్చి సాగనంపింది. బస్సు ఆగేది ఆ పాత రైలు స్టేషను పక్కనే కదా. పట్టాల మీద ముళ్ళచెట్లు మొలిచాయి. అటు చూడకుండా ఎక్కి కూర్చున్నాను.

ఊరి పొలిమేర అబ్యార్ అలీ దాకా బాగానే ఉన్నాను. బస్సు అక్కడ ఆగింది. మక్కా పోయే మగవాళ్ళు దిగి, స్నానాలు చేసి, తెల్లగుడ్డలు రెండు చుట్టుకుని, 'వచ్చాను స్వామీ, వచ్చాను' అనుకుంటూ ఎక్కారు. నేను కిటికీలోంచి ఊరి వైపు చూశాను. అక్కడి నుంచి ప్రవక్త మసీదు పచ్చ గుమ్మటం కనపడదు. ఇంజను మోగింది. లేచి ముందుకు పోయాను.

ఐద్ అద్దంలో చూసి, "ఏం మామా, ఏదైనా మర్చిపోయావా?" అన్నాడు.

అవునన్నాను.

"తొందరగా తెచ్చుకో మరి, ఆపుతాను" అన్నాడు.

దిగి, మసీదు గోడ వెనక్కి పోయి నిలబడ్డాను. పాపం వాడు చాలాసేపు హారను కొట్టాడు. జనం తిట్టాక వెళ్ళిపోయాడు. నేను నడిచి ఇంటికి వచ్చాను. పిన్ని నన్ను చూసింది. ఈసారి ఏమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండేది.

ఆ గోడ వెనక నేను నిలబడడం అది మొదటిసారి కాదు. ఫిద్దా, ఇక్కడి నుంచి నెమ్మదిగా చదువు. లేకపోతే చదవకు. లేదు, చదువు.

మన పెళ్ళైన మరుసటి ఏడాది నేను హజ్‌కు వెళ్ళాను కదా. ఒంటెల బిడారుతో. నువ్వు ఇంటి ముందు నీళ్ళు చల్లి పంపించావు. నేను అబ్యార్ అలీలో స్నానం చేశాను, తెల్లగుడ్డలు కట్టాను, అందరితో పాటు గొంతెత్తి 'వచ్చాను స్వామీ' అనే పిలుపు చెప్పాను. ఒక్క మజిలీ నడిచాను. ఆ మజిలీలో తెల్లవారి ఒంటెలు లేస్తుంటే, అనారోగ్యమని చెప్పి వెనక్కి తిరిగాను. ఊళ్ళోకి రావడానికి సిగ్గేసింది. ఖుబా తోటలో పనిముట్ల గుడిసెలో ముప్పై నాలుగు రోజులు దాక్కున్నాను. నేలరాలిన కాయలు తిన్నాను. హాజీలు తిరిగి వచ్చే రోజున గుండు గీసుకుని వాళ్ళలో కలిసిపోయాను. నీ చేతికి ఇచ్చిన మక్కా జంజం బావి నీళ్ళ డబ్బా ఒక జావా హాజీని అడిగి తెచ్చింది. లోగిలి అంతా వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. చిన్నపిల్లల తలల మీద నా చేత చెయ్యి వేయించారు. నువ్వు ఆ నీళ్ళు కళ్ళకు అద్దుకున్నావు.

ముప్పై అయిదేళ్ళుగా నన్ను హాజీ అవ్వాద్ అంటున్నారు. మక్కా ఎలా ఉంటుందో నాకు తెలియదు, సల్హా. ఎవరైనా కాబా గురించి అడిగితే, మాటలు రాని మనిషినని ఊరుకుంటారు గనక బతికిపోయాను.

దేవుడికి మాట ఇచ్చి గుడ్డలు విప్పేసినవాణ్ణి. నీకు మాత్రం ఏం నిలబెట్టుకుంటాను? నన్ను వదిలెయ్యి. నా కోసం ఆగకు. బుధవారం కోయించుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను. నేను రాలేను. ఎంత తన్నుకున్నా ఆ గోడ దాటలేను.

అవ్వాద్

*

జిద్దా,
సఫర్ 18

మా తోటమాలికి సల్హా సలాం. రాస్తున్నది ఫిద్దా. మాటలు నావి. అది మధ్యలో ఏడుస్తోంది, మరకలు పడితే దానివి.

నీ హజ్ సంగతి నాకు ఆ రోజే తెలుసు. మక్కా వెళ్ళి వచ్చినవాళ్ళ నెత్తులు ఎండకు కమిలి పొట్టు లేచిపోయాయి. నీ గుండు గుమ్మడికాయలా నిగనిగలాడింది. నీ కాళ్ళు కడగడానికి నీళ్ళు పోస్తే వేళ్ళ సందుల్లోంచి ఖుబా తోట నల్లమట్టి కారింది. నీ తెల్లగుడ్డలు నేనే ఉతికాను. హజ్‌లో మినా దగ్గర ఇచ్చే బలుల మరక లేదు, అరఫాత్ దుమ్ము లేదు. పెట్టె అడుగున ఇప్పటికీ ఉన్నాయి, పాతబడనైనా లేదు.

ఎందుకు అడగలేదంటావా? ఆ డబ్బా ఇస్తూ, ఎవరో వచ్చి పట్టుకుంటారన్నట్టు వాకిలి వైపే చూశావు. అంత భయపడుతున్నవాణ్ణి నేను ఇంకేం భయపెట్టను? ఎప్పుడో నువ్వే చెబుతావనుకున్నాను. ఇంత ఆలస్యం చేస్తావనుకోలేదు.

నాకు ఒకటే కష్టంగా ఉంది, అది నువ్వు రాయలేదు. నీకు తట్టలేదేమో. నేను మాత్రం హజ్ చేశానా? ఏటా అన్నయ్య రమ్మని కబురు పెట్టేవాడు. మా ఆయనతోనే వెళ్తాననేదాన్ని. నువ్వు, "నేను చేసేశాను కదా" అని చెట్టెక్కేవాడివి. మొన్న కూడా అన్నయ్య, మక్కా ఇక్కడికి గంటన్నర, హజ్ నెల కాకపోయినా కాబా చూపిస్తాను, కారులో పడుకోబెట్టి తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను. ముప్పై ఆరేళ్ళు ఆగినదాన్ని ఇంకో నాలుగు రోజులు ఆగలేనా? కడుపు కోయించుకోవడానికి నాకు భయం లేదు. నీ పేరు చెప్పి ఆగింది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? నువ్వు దాటాలని. నేను ఉండగా దాటాలని. నేను పోయాక నిన్ను ఎవరు దాటిస్తారు?

బఖీ గురించి రాశావు. నేను చదువుకోలేదు, నాకు తోచింది చెబుతాను. ఆ ఊరికి ఆ గొప్ప ఎలా వచ్చింది? పుట్టిన ఊరు విడిచిపెట్టి ఒకాయన ఎడారిలో నడిచి వచ్చారు గనక వచ్చింది. మక్కా వదలనని ప్రవక్త తలుపు పట్టుకుని కూర్చుంటే నీ ఖుబా తోటను ఎవరు తలుచుకునేవాళ్ళు? ఆయన్ని కన్న తల్లి ఎక్కడుందో తెలుసు కదా. బఖీలో లేదు, మక్కాలో లేదు. ఈ దారిలోనే, అబ్వాలో, ప్రయాణంలో పోయింది. ఆరేళ్ళ పిల్లవాడు ఆమెను అక్కడ వదిలి ఒంటె ఎక్కి వెళ్ళాడు. ఆ తల్లిని దేవుడు మర్చిపోయాడని ఎవరైనా అనగలరా? మరి మీ అమ్మను ఎందుకు మర్చిపోతాడు? నువ్వు బండెక్కావని మీ అమ్మ నీ మీద కోపగించుకుని ఉంటుందా? నువ్వు ఎక్కాలనే కదా ఆమె ఆ రెండు మాటలు చెప్పింది.

మంగళవారం పొద్దు గుంకేలోగా ఏ సంగతీ చెప్పమని డాక్టరు అడిగాడు. నువ్వు రాకపోతే నేను ముట్టుకోనివ్వను. ఇది బెదిరింపే. ఇంతకన్నా నా దగ్గర ఏమీ లేదు.

వచ్చేటప్పుడు పెట్టె అడుగున ఉన్న ఆ తెల్లగుడ్డలు తీసుకురా.

సల్హా

*

మస్తూరా, కాఫీ కొట్టు,
సఫర్ 21, మంగళవారం, మధ్యాహ్నం

సల్హా,

బస్సు ఇక్కడ ఆగిపోయింది. ఇంజను కాగిపోయి పొగ వచ్చింది. ఐద్ దాని మూతి తెరిచి, చల్లారేదాకా మనిషివా దెయ్యానివా అని తిడుతున్నాడు. సాయంకాలపు అసర్ నమాజు దాటితేగానీ కదలదట. నేను వచ్చేసరికి పొద్దు గుంకుతుందేమో, డాక్టరుకు చెప్పాల్సిన వేళ దాటిపోతుందేమోనని ప్రాణం ఆగడం లేదు. జిద్దా పోతున్న ఒక చేపల వ్యాపారి కారు దొరికింది. అందులో చోటు లేదు, మంచు పెట్టెలున్నాయి. ఈ కాగితం మాత్రం తీసుకెళ్తానన్నాడు. అందుకే నులకమంచం అంచున కూర్చుని రాస్తున్నాను. డాక్టరుకు సరేనని చెప్పు. మొదట ఆ మాట చెప్పి, తరవాత మిగతాది విను.

బయలుదేరే ముందు గోడ మీద జల్లెడ తీసి తుర్కియ్యా పిన్ని చేతిలో పెట్టాను. ఏంటిదని అడిగింది. అరువు సొమ్ము, తిరిగి ఇస్తున్నానన్నాను. ఎగాదిగా చూసి, "దీనినిండా చిల్లులే కదరా" అంది. "జల్లెడంటే చిల్లులే కదా పిన్నీ" అన్నాను. నా నోట్లోంచి ఎదురుమాట రావడం ఆమె ఇదే చూడడం. నవ్వింది, తరవాత కొంగుతో ముఖం తుడుచుకుంది. పావురాలకు గింజలు వేస్తానంది. ఆమె దగ్గరకైతే వస్తాయి.

అబ్యార్ అలీలో బస్సు ఆగింది. ఐద్ వెనక్కి తిరిగి, "మామా, ఈసారి నేనూ నీతో దిగుతాను" అన్నాడు. ఊరికే అనలేదు, నిజంగానే దిగాడు. బావి దగ్గర నీళ్ళు తోడి నా నెత్తి మీద పోశాడు. గుడ్డలు కట్టుకోవడం కూడా నాకు మర్చిపోయింది, వాడే కట్టాడు. నీ పెట్టె వాసన ఉంది వాటికి. ఆ గోడ దగ్గర నిలబడి పిలుపు చెప్పాను. రెండోసారి ఇంకా గట్టిగా చెప్పాను. బస్సు ఎక్కాక సీటు కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఇంజను మోగింది. పట్టాల పక్కన ఇసుక కనపడింది. అమ్మ కనపడింది. నేను దిగలేదు. ఎంతసేపటికో పక్కనున్నాయన నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, "పెద్దాయనా, బద్ర్ ఊరు కూడా దాటాం, ఇక వదులు" అన్నాడు.

ఇక్కడ కొట్టువాణ్ణి అబ్వా ఎటు అని అడిగాను. తూర్పున కొండలు చూపించి, ఆ మసక వెనకాల అన్నాడు. చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నా టీ చల్లారిపోయింది. అక్కడికి వెళ్ళలేదు. ఆ తల్లి ఉన్న వైపు నుంచి వేడిగాలి వీస్తోంది, అంతే. నా ఒంటి మీద సగం గుడ్డే ఉంది, భుజం కమిలింది. ఈసారి నెత్తి పొట్టు లేస్తుంది, నువ్వే చూద్దువుగాని.

ఇప్పుడు నా బెదిరింపు విను. కట్టిన ఈ గుడ్డలు మక్కా చేరి, కాబా చుట్టూ తిరిగితేగానీ విప్పకూడదు. నువ్వు లేకుండా నేను మక్కా వెళ్ళను. నీకు కుట్లు మాని, లేచి నిలబడి, కారెక్కేదాకా ఆ ఆసుపత్రి వరండాలో ఇలాగే కూర్చుంటాను. నెల పట్టనీ, రెండు నెలలు పట్టనీ. గోళ్ళు తీయకూడదు, వెంట్రుక తెంపకూడదు, తల కప్పకూడదు, అత్తరు పూయకూడదు. నన్ను చూసి నర్సులు జడుసుకుంటారు. మీ అన్నయ్య పరువు పోతుంది. ఈ అవస్థ నుంచి నన్ను విడిపించడం నీ చేతిలో ఉంది. ధర్మం తెలిసినవాళ్ళు ఎవరైనా ఇది తెలివితక్కువ పని అంటారు. ఐద్ అన్నాడు కూడా. కానీ నాకు వేరే దారి తోచలేదు. ఒకసారి విప్పినవాణ్ణి, మళ్ళీ విప్పలేను.

దేవుడు ఇంకోలా తలిస్తే, జిద్దా మట్టి కూడా ఆయనదే. నీ పక్కన నాకు కాస్త చోటు వదలమని చెబుతాను. ఆ మాట ఇక ఎత్తను.

చేపలాయన తొందరపెడుతున్నాడు. ఫిద్దా, గబగబా చదువు. అత్తయ్య చెయ్యి పట్టుకుని చదువు, నేను వచ్చి అందుకుంటాను.

దారిలో ఉన్న నీ
అవ్వాద్